తమ్ముడి పథ్యం

మా తమ్ముడు రోనెర్‌ని తనలాగే పాటలతో నయంచేసే వైద్యుణ్ణి చెయ్యాలని సెనెన్ మామ పట్టుబట్టిన ఏడాది ఉకయాలి నది పెందలాడే పొంగింది. తోటల్లోకి నీళ్ళు రాకముందే అరటి గెలలు కోసుకోవాలని ఊరంతా హడావిడి పడుతుంటే, మామ మాత్రం మా ఇంటి మెట్లెక్కి వచ్చి, చాప మీద చతికిలబడి, నాటు పొగాకు చుట్ట వెలిగించాడు.

"ఈ వరదకి వీణ్ణి పథ్యంలో కూర్చోబెడుతున్నా" అన్నాడు.

రోనెర్ పెళ్ళయ్యాక మా ఊరి మగవాళ్ళందరిలాగే అత్తగారింట్లో ఉంటున్నాడు. ఆ పూట నా పడవ మోటారు బాగుచెయ్యడానికి వచ్చి దొరికిపోయాడు. విప్పిన ముక్కలన్నీ నేలమీద పరుచుకుని, తలెత్తకుండానే అడిగాడు.

"ఎవర్ని మామా?"

"నిన్నేరా."

"నన్నా? నా గొంతు వింటే కోళ్ళు గుడ్లు పెట్టడం మానేస్తాయని ఒలీందా అంటుంది మామా. నేను పాటలేం పాడతాను?"

"నీ పెళ్ళాం మాట నిజమే. పాట నీ గొంతులోంచి రాదు, మొక్క ఇస్తుంది. నువ్వు నోరు కట్టుకుని కూర్చుంటే చాలు."

నోరు కట్టుకోవడం అనేసరికి వాడి మొహం వాడిపోయింది. మా ఊళ్ళో తిండి అంటే ప్రాణం పెట్టేవాళ్ళలో మా తమ్ముడిదే మొదటి పీట.

మామ హాస్యానికి అనలేదు. ఆయనకి పిల్లల్లేరు. ఆయన పాటలు వాళ్ళ మేనత్త దగ్గర్నుంచి వచ్చినవి, ఆవిడకి ఎక్కడినుంచి వచ్చాయో ఎవరికీ తెలీదు. ఆయన కూర్చుని పాడితే జడుసుకున్న పిల్లలు నిద్రపోయేవాళ్ళు, దిగులుతో మంచం పట్టినవాళ్ళు లేచి గంజి అడిగేవాళ్ళు. అలాంటి మనిషికి ఆ ఏడు దగ్గు పట్టుకుంది. పాట మధ్యలో ఊపిరి తెగిపోయేది. "వచ్చే వరదకి నేనుంటానో లేదో. ఈలోగా ఈ ఇంట్లో ఎవరో ఒకరు నా పాటలు అందుకోవాలి. లేదంటే నాతోపాటే మట్టిలో కలుస్తాయి" అన్నాడు. రోనెర్ చేతిలో స్పానర్ కింద పెట్టేశాడు. మామ మాట కాదనే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

"వంట నువ్వు చెయ్యాలి బెకా" అన్నాడు నావైపు తిరిగి.

"నేనే ఎందుకు?"

"పథ్యం వంట పసిపిల్ల చెయ్యాలి, లేదా ముట్లుడిగిన ఆడది చెయ్యాలి. పసిపిల్లలు బడికి పోతున్నారు. మిగిలింది నువ్వే."

"నాకు వయసైపోయిందని అంత గట్టిగా అరవాలా? ఊరంతా వింటున్నారు."

"ఊరికి తెలీదనుకుంటున్నావా?"

మామూలుగా అయితే నేను ఒక మాటకి పది మాటలు అప్పజెప్పే రకాన్ని. ఆ రోజు అక్కడితో ఊరుకున్నాను. అంతకుముందు నది తగ్గిన కాలంలో మా అమ్మ పోయింది. అప్పటినుంచీ నాకు మాటల మీదా, తిండి మీదా, చివరికి నా చేతుల మీద కూడా మనసు లేదు.

అమ్మా నేనూ ఒకే గుడ్డ మీద చెరో కొస నుంచి గీసేవాళ్ళం. చెట్టు బెరడు రసంలో ఉడికించి ఎర్రబారిన గుడ్డ పరిచి, ఆవిడ ఆ చివర, నేను ఈ చివర కూర్చుని, వెదురు పుల్లతో గీతలు లాగుతూ మధ్యకి వచ్చేవాళ్ళం. ముందు కొలుచుకునేది లేదు, మాట్లాడుకునేది లేదు. ఇద్దరం ఒకే కూనిరాగం తీస్తూ గీస్తే, గీతలు మధ్యలో వాటంతటవే కలిసేవి. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు అమ్మ నా కళ్ళలో తుంగగడ్డ రసం పిండింది, గీతలు కనపడాలని. బాగానే కనపడ్డాయి, ఆవిడ ఉన్నన్నాళ్ళూ. ఆఖరి గుడ్డ సగంలో ఉండగా ఆవిడ పోయింది. నా కొస పూర్తయింది. ఆవిడ కొస సగంలో ఆగింది. ఆ గుడ్డని బుట్టలో పెట్టి దూలానికి వేలాడదీశాను. మళ్ళీ పుల్ల పట్టుకుంటే చెయ్యి మొద్దుబారేది, ఒక్క గీత కనపడేది కాదు.

వాగు అవతల మెరక మీద మామకి ఒక పాక ఉంది. రోనెర్‌ని అందులో పెట్టారు. ఉప్పు లేదు, కారం లేదు, తీపి లేదు, నూనె లేదు, పెళ్ళాం అసలే లేదు. ఉడకబెట్టిన పచ్చి అరటికాయ, నిప్పుల మీద కాల్చిన చిన్న చేప. పొద్దున్నే బొబిన్సానా బెరడు కషాయం. ఆ మొక్క మా నది ఒడ్డునే ఉంటుంది. నిద్రగన్నేరు పువ్వులాంటి గులాబీ కుచ్చులు పూస్తుంది. వరదొస్తే నిలువునా మునిగిపోతుంది, వంగుతుంది గానీ వేరు వదలదు. గుండె దిగులుకి అంతకంటే మంచి మొక్క లేదని మామ అనేవాడు.

కషాయం మీద పొగ ఊది, పాడి, డిప్ప రోనెర్ చేతికిస్తూ మామ ఒకటే జాగ్రత్త చెప్పాడు. "మిగిల్చకు. నేలమీద పారబొయ్యకు. మొక్కకి అవమానం చేస్తే అలుగుతుంది. అలిగితే నీతో మళ్ళీ మాట్లాడదు."

"అలాగే మామా" అన్నాడు రోనెర్, పరమ వినయంగా.

మామ పడవ మలుపు తిరిగిందో లేదో, ఒక గుక్క తాగి మొహం చింతకాయ చేశాడు.

"అక్కా, ఇది నావల్ల కాదు."

"తాగరా."

"కడుపులో చోటు లేదే."

"పొద్దున్నించీ ఏం తిన్నావని నిండింది?"

"బాధతో నిండింది" అని డిప్ప నా ఒళ్ళో పెట్టి గాలం పట్టుకుని పోయాడు.

ఆ కషాయాన్ని ఏం చెయ్యాలి? పారబోస్తే మొక్క అలుగుతుంది. దాచి ఉంచితే పులుస్తుంది. పిల్లలు వదిలేసిన జావ తల్లి తాగేసినట్టు గటగటా తాగేశాను. చేదుగా, కాస్త వగరుగా ఉంది. మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడు వాడు అడగడం కూడా మానేశాడు, ఒక చుక్క నాలిక్కి రాసుకుని డిప్ప నాకే అందించేవాడు. తప్పు చేస్తున్నానని నాకు తట్టలేదు. మొక్కని నేలపాలు కాకుండా కాపాడుతున్నానని అనుకున్నాను.

తిండి కూడా వాడిదే తినేదాన్ని. ఆ పొయ్యి దగ్గరికి ఉప్పు తేకూడదు, నాకోసం వేరే పొయ్యి రాజేసే ఓపిక లేదు. అసలు సంగతేమిటంటే, అమ్మ పోయాక నాకు ఉప్పున్నా లేకపోయినా ఒకటే. పైచే చేప పులుసు పెట్టినా గడ్డి నమిలినట్టే ఉండేది.

అలా రోజులు గడిచాయి. వాన పడుతూనే ఉంది. నీళ్ళు పాక కింది గట్టు దాకా వచ్చాయి. ఒక సాయంత్రం గిన్నెలు తోముకుంటూ చూస్తే, ఒడ్డున బొబిన్సానా కొమ్మలు సగం మునిగి, నీళ్ళ పైన పువ్వులు మాత్రం ఊగుతున్నాయి. ఆ ఊపుకి తగ్గట్టు నా గొంతులో ఏదో రాగం కదలడం మొదలైంది. గుడ్డ గీసేటప్పుడు అమ్మ తీసే రాగానికి దగ్గరగా ఉంది, కానీ అది కాదు. గిన్నెలు తోమడం అయిపోయినా లేవాలనిపించలేదు. ఆ రాత్రి కలలో అమ్మ పడవలో కూర్చుని వచ్చింది. మోకాళ్ళ మీద గుడ్డ పరుచుకుని గీస్తూ పోయింది. లేచేసరికి నా చెంపలు తడిగా ఉన్నాయి. ఆశ్చర్యమేమిటంటే, మనసు మాత్రం తేలిగ్గా ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, పట్టపగలు, ఒలీందా పడవ వేసుకుని వచ్చింది. ఒడ్డుకి రాకముందే కేకలు మొదలుపెట్టింది.

"వదినా! మీ తమ్ముణ్ణి పథ్యంలో కూర్చోబెట్టారా, మా అమ్మ చేపల బుట్ట మీదకి తోలారా?"

"ఏమైందే?"

"ఏమైందా? రోజూ చీకటి పడేవేళకి స్నానానికని చెప్పి మా ఇంటికొస్తున్నాడు. మా అమ్మేమో అల్లుడు చిక్కిపోయాడని ఉప్పూ కారం దట్టించి వేయించి పెడుతోంది. నిన్న నా ముక్క కూడా తినేశాడు!"

రోనెర్ పాక వెనకనుంచి మెల్లిగా జారుకోబోయాడు. నేను చొక్కా పట్టుకున్నాను.

"ఏరా, నిజమేనా?"

"కొంచెమే అక్కా. తోక ముక్క."

"తోక ముక్కా!" ఒలీందా తెడ్డు ఎత్తింది. "పోనీ వచ్చినవాడు పెళ్ళాంతో ఒక మంచి మాట మాట్లాడతాడా? దగ్గరికొస్తే చాలు, 'ముట్టుకోకు, నేను పథ్యంలో ఉన్నా' అంటాడు. చేప వేపుడు దగ్గర లేని పథ్యం నా దగ్గరికి రాగానే గుర్తొస్తోంది వదినా!"

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. పొట్ట పట్టుకుని, గట్టు మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. నన్ను చూసి ఒలీందా కూడా తెడ్డు కిందపడేసి నవ్వింది. అమ్మ పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి ఊపిరి తీసుకుంటుంటే ఒలీందా నన్ను పరీక్షగా చూసింది.

"వదినా, నీ మొహం ఇంత తేటపడిందేంటి? ఏం తింటున్నావు?"

"వాడు తినాల్సిందే."

అప్పటికి మా ముగ్గురిలో ఎవరికీ బుర్ర వెలగలేదు. ఒలీందా వెళ్ళిపోయాక నా నవ్వు దిగి భయం పట్టుకుంది. మామ దగ్గు రోజురోజుకీ ముదురుతోంది. వీడు కడుపునిండా వేపుడు తిని కూర్చున్నాడు. నది గట్టు దాటిన రోజు మామ ఇంట్లో, కళ్ళు మూసినా బొమ్మలు చూపించే తీగ కషాయం తాగి అందరి ముందూ వీడు పాడాలి. పాడలేకపోతే మామ గుండె పగులుతుంది.

"ఏం చేస్తావురా?" అన్నాను.

"ఏదో ఒకటి పాడేస్తాలే అక్కా. చీకట్లో ఎవరికి తెలుస్తుంది?"

మామతో చెప్పెయ్యాలని పడవ కట్టాను కూడా. వెళ్ళేసరికి ఆయన గోడకి ఆనుకుని, దగ్గు తెర తర్వాత ఆయాసపడుతూ, "వాడు బాగా కూర్చుంటున్నాడా?" అని ఆశగా అడిగాడు. అరటికాయలు అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ రోజు రానే వచ్చింది. నీళ్ళు మామ ఇంటి నేల చెక్కల కిందనే గలగలమంటున్నాయి, పడవలు మెట్లకి కట్టేశారు. దిగులుతో మంచం పట్టిన ఒక పొరుగూరి ఆవిణ్ణి కూడా తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. మామ తీగ కషాయం డిప్పలో పోసి, ఊది, తను తాగి, రోనెర్‌కి ఇచ్చాడు. వంట చేసిన మనిషివి అని నాకూ ఒక చిన్న గుక్క ఇచ్చాడు. దీపం ఆర్పేశారు.

మామ పాట అందుకున్నాడు. చాలా సన్నగా, ఎక్కడో దూరంగా మొదలైనట్టు. కాసేపటికి దగ్గొచ్చి తెగిపోయింది. "ఇక నువ్వు" అన్నాడు.

రోనెర్ గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. ఆ తర్వాత పడవల రేడియోలో రోజంతా మోగే డాన్సు పాట ఒకటి, దాన్నే నెమ్మదిగా సాగదీసి, భక్తిగా మొదలుపెట్టాడు. మూల నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఒలీందా గొంతే అది.

"ఆపరా" అన్నాడు మామ. కోపంగా కాదు, అలసటగా. అయిపోయింది, పాటలన్నీ పోయినట్టే అనుకున్నాను.

కింద నీళ్ళ చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆ చప్పుడులోంచే నాకు గిన్నెలు తోముతున్నప్పటి రాగం వినపడింది. కళ్ళు మూసుకుంటే ఎర్రని గుడ్డ. ఒక కొసన నా గీతలు. రెండో కొస నుంచి, సగంలో ఆగిన చోటునుంచి, అమ్మ గీత కదిలి వస్తోంది, మలుపు తిరుగుతూ, తిన్నగా నావైపే. నాకు భయం వెయ్యలేదు. ఎదురెళ్ళాలనిపించింది. నోరు తెరిచాను.

"నీటి అడుగున వేరు పట్టుకుంది,
వంగింది గానీ వదల్లేదు,
అమ్మా, నీ గీత వస్తోంది,
నా గీత ఎదురొస్తోంది..."

ఆ మాటలు ఎక్కడివో నాకిప్పటికీ తెలీదు. పాడుతూ ఏడ్చాను, ఏడుస్తూ పాడాను, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కొంతసేపటికి మామ గొంతు కూడా వినపడింది. ఆయన నా పాట వెనక రాలేదు, అవతలి కొస నుంచి మొదలుపెట్టాడు. ఇద్దరం చెరో వైపు నుంచి పాడుకుంటూ వచ్చి మధ్యలో కలిశాం. ఆయన ఊపిరి ఆగిన చోట నేను పట్టుకున్నాను. చాప మీద పడుకున్న ఆవిడ తెల్లవారేముందు లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగింది.

పొద్దున మామ, "పథ్యం ముగిద్దాం, ఉప్పు తే" అన్నాడు ఒలీందాతో. పథ్యం పట్టినవాళ్ళ నాలుక మీద పెద్దవాళ్ళు ఉప్పు వేస్తేనే అది ముగిసినట్టు. బయట పొయ్యి మీద చేపలు చిటపటలాడుతున్నాయి, కర్రపెండలం కల్లు కుండలు వరసగా పెట్టారు. రోనెర్ మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచాడు. మామ చిటికెడు వేశాడు. వాడు కళ్ళు మూసుకుని, కొత్తగా రుచి చూస్తున్నవాడిలా పెదాలు చప్పరించాడు.

"నాటకాలు చాలు" అన్నాడు మామ. "రాత్రంతా నా పక్కన కూర్చుని చేప తేన్పులు తేన్చి, ఇప్పుడు నాకు ఉప్పు కొత్తంటావా?"

ఇల్లంతా గొల్లుమంది. రోనెర్ చెవులు పట్టుకున్నాడు. "తప్పయిపోయింది మామా. కషాయం కూడా నేను తాగలేదు. పారబొయ్యకూడదు కదా అని అంతా అక్కే తాగింది."

మామ చుట్ట నోట్లోంచి తీశాడు. ఇది మాత్రం ఆయనకీ కొత్త. నావైపు చూసి, చూసి, మెల్లిగా నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చినా నవ్వు ఆగలేదు.

"తిండి?"

"వాడిదే తిన్నా మామా, ఉప్పు లేకుండా" అన్నాను. సిగ్గేసింది. నేనూ మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచాను, నాది కూడా ముగించేస్తాడని.

మామ ఉప్పు గిన్నె మీద అరచెయ్యి పెట్టి మూశాడు.

"నీకు కాదు. వాడిది మొదలే కాలేదు గనక ముగిసింది. నీది మొదలైంది. మీ అమ్మ కొస నీ కొసని కలిసేదాకా నీకు ఉప్పు లేదు. రోజూ పొద్దున్నే రా. ఒక్కొక్క పాటా ఇస్తాను."

ఆ పూట అందరూ వేపుళ్ళు తింటుంటే నేను చప్పిడి చేప ముందేసుకుని కూర్చున్నాను. ఒలీందా అత్తెసరు జాలితో, "పాపం వదిన" అంటూ నా ఎదుటే కరకరా నమిలింది. రోనెర్ అయితే ఆనందం పట్టలేక మామ పడవ మోటారు కూడా ఊరికే బాగుచేసి పెడతానని మాటిచ్చాడు. నాకు ఎవరిమీదా కోపం లేదు. ఇంటికెళ్ళగానే దూలానికున్న బుట్ట దించాను.

అమ్మ ఆపిన చోట పుల్ల ఆనించాను. చెయ్యి మొద్దుబారలేదు. పొద్దున్న మామ దగ్గర పాట, మధ్యాహ్నం గుడ్డ మీద గీత. గీస్తూ పొద్దుటి పాట పాడుకునేదాన్ని, పాట ఎటు తిరిగితే గీత అటు తిరిగేది. నెమ్మదిగా మామ దగ్గు కూడా దారికొచ్చింది. పాటల బరువు దిగింది, అందుకే ఊపిరాడుతోందని ఆయన అనేవాడు. ఆ తర్వాత కూడా చాలా వరదలే చూశాడు, నా పాటలో తప్పులు పట్టుకుంటూ.

నది తగ్గింది. ఒడ్డున బొబిన్సానా బురదలోంచి లేచి, ఆకులు దులుపుకుని, మళ్ళీ పూసింది. ఆ వారమే గుడ్డ మీద రెండు గీతలూ కలిశాయి. బురద పూసి, ఎండబెట్టి, నదిలో జాడించి, నల్లగా తేలిన గీతలతో ఆ గుడ్డనే లంగాగా కట్టుకుని మామ ఇంటికి వెళ్ళాను. ఎక్కడ అమ్మ ఆపిందో, ఎక్కడ నేను అందుకున్నానో చూపించమంటే రోనెర్ చుట్టూ తిరిగి తిరిగి నా చీలమండ దగ్గర చూపించాడు. ఒలీందా ఇంకోచోట చూపించింది. ఇద్దరూ తప్పే.

మామ ఏ చోటూ చూపించలేదు. లోపలికెళ్ళి ఉప్పు గిన్నె తెచ్చాడు.

"నోరు తెరువు."

చిటికెడు నాలుక మీద పడింది. ఒళ్ళంతా జివ్వుమంది. నోట్లో నీళ్ళూరాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ పోయిన దగ్గర్నుంచీ, పథ్యానికి ముందు కూడా, ఎన్ని పులుసుల్లో వేసుకున్నా తగలని ఉప్పు అది.

"మామా, ఉప్పగా ఉంది!" అని అరిచాను.

"ఉప్పు ఉప్పగా కాక ఇంకెలా ఉంటుందే పిచ్చిదానా" అన్నాడు మామ. రోనెర్ అప్పటికే వేపుడు పళ్ళెం పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఈసారి తోక ముక్క నేను తీసుకున్నాను.